స్ప్లిట్ పూర్తిగా వస్తున్నా కిక్‌లో వేగం ఎందుకు రావడం లేదు?

మీ అమ్మాయికి పద్నాలుగేళ్లనీ, స్ప్లిట్ (కాళ్లు రెండు వైపులా పూర్తిగా చాపడం) నేలకు ఆనేంతగా వస్తున్నా తైక్వాండోలో రౌండ్‌హౌస్ కిక్ (పక్క నుంచి తిప్పి కొట్టే తన్ను) నెమ్మదిగానే ఉందనీ, స్ట్రెచింగ్ ఇంకా పెంచాలా అనీ అడిగారు. అమలాపురంలో తైక్వాండో ఆడి, తర్వాత కోనసీమ పిల్లలకు నేర్పుతూ గమనించిన దాన్ని బట్టి చెబుతున్నాను: పెంచవలసింది సమయం కాదు, మార్చవలసింది పద్ధతి.

ఇంకొకరు పట్టి లేపితే కాలు వెళ్లే ఎత్తు వేరు, తన కండరాల బలంతోనే అది లేచే ఎత్తు వేరు. కిక్‌కు అక్కరకు వచ్చేది రెండవది. తొడ వెనుక, తొడ లోపలి కండరాలు బిగుసుకుని ఉంటే లేచే కాలిని వెనక్కి లాగుతాయి కాబట్టి సాగుడు అవసరమే. అయితే ఆ అడ్డు తొలగిన తర్వాత మోకాలిని చురుగ్గా పైకి తెచ్చేవి తుంటి ముందు, పక్క కండరాలు. అమ్మాయిని గోడ పట్టుకుని నిలబడి, ఒళ్లు వాల్చకుండా, కాలిని పక్కకు నెమ్మదిగా ఎత్తి నడుము ఎత్తున ఐదు సెకన్లు నిలపమనండి. స్ప్లిట్ చక్కగా వచ్చే పిల్లల్లోనే చాలామందికి ఇక్కడ కాలు వణకడం చూశాను. ఈ పరీక్షే మంచి వ్యాయామం కూడా.

ప్రాక్టీసుకు ముందు కాళ్లు ఊపడం, మోకాళ్లు ఎత్తడం వంటి కదలికలు చాలు. ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి కదలకుండా సాగదీసి వెంటనే కిక్ కొడితే దాని శక్తి తాత్కాలికంగా తగ్గుతుంది. అటువంటి స్ట్రెచింగ్ చివర్లో, ముప్పై సెకన్ల చొప్పున చేయించండి. మన డెల్టా ఉక్కలో చెమట ఊరికే పడుతుంది, దాన్ని చూసి ఒళ్లు వేడెక్కిందనుకోకూడదు.

పోటీలో తలకు తగిలిన మామూలు కిక్‌కు 3 పాయింట్లు, ఒంటికి తగిలితే 2 కావడంతో ఎత్తు కోసం తొందరపడి, పిల్లల తొడలపై ఎక్కి నొక్కేవారు ఉన్నారు. దయచేసి దాన్ని ఒప్పుకోకండి. ఎదిగే వయసులో కండరం అతుక్కున్న చోట తుంటి ఎముక ఇంకా గట్టిపడి ఉండదు, ముక్క ఊడి వచ్చే ప్రమాదం ఉంది. గజ్జల ముందు భాగంలో నొక్కినట్టు నొప్పి వస్తే అక్కడే ఆపి, ఎముకల వైద్యునికి చూపించండి.

ఆమె కిక్‌ను ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి చూడండి. మోకాలు పైకి రావడమే ఆలస్యమైతే పై వ్యాయామం మేలు చేస్తుంది; నిలబడిన కాలి మడమ ఎదుటివారి వైపు తిరగకపోతే మాత్రం తుంటి తెరుచుకోదు, అప్పుడు ముందుగా మాస్టారు గారితో ఆ అడుగు సరిచేయించండి.