లోను వద్దు, గోధుమ గంజి కావాలి

ప్రశ్న: నాన్నగారు విజయవాడ గాంధీనగర్‌లో ఓ సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేసేవారు. పోయినేడు కాలం చేశారు. వీలునామా రాయలేదు. అటక మీది ట్రంకుపెట్టెలో 1960, 70ల నాటి వాల్‌పోస్టర్లు 34 దొరికాయి. మడతల దగ్గర చిరిగాయి, కాగితం పసుపు తిరిగింది. లామినేషన్ చేసి, ప్లైవుడ్ మీద అతికించి, ఫ్రేము కట్టడానికి ఒక్కోదానికి 6,500 అవుతుందని ఫ్రేముల షాపులో చెప్పారు. నా జీతం 48,000. బ్యాంకువాళ్లు 14 శాతానికి రెండున్నర లక్షల పర్సనల్ లోను ఇస్తామంటున్నారు. అన్నీ బాగుచేయించి అమ్మితే లాభం ఉంటుందా? లేదంటే ఏప్రిల్‌లో చేతికొచ్చే 1.5 లక్షల ఎఫ్‌డీ వాడమంటారా? ఇంట్లో అమ్మ ఉంది, అక్క హైదరాబాద్‌లో ఉంటుంది. (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు లోను సంగతి తేల్చేద్దాం. రెండున్నర లక్షలు, 14 శాతం, మూడేళ్లు అంటే నెలకు సుమారు 8,545 కట్టాలి. మీ జీతంలో ఆరో వంతుకు పైనే. వడ్డీయే 57,600 దాకా అవుతుంది, ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. అంటే పోస్టర్లన్నీ కలిసి ఖర్చు మీద ఇంకో 57,600 తెస్తే తప్ప మీకు రూపాయి మిగలదు. అవి ఎప్పుడు అమ్ముడవుతాయో తెలియదు, కిస్తీ మాత్రం ప్రతినెలా తప్పదు. లోను వద్దు.

షాపతను చెప్పిన పని మాత్రం లోను కంటే ప్రమాదం. లామినేషన్‌లో వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితం పీచుల్లోకి దిగుతుంది, మళ్లీ ఊడదీయడం దాదాపు అసాధ్యం. ప్లైవుడ్ నుంచి వచ్చే ఆమ్లాలు కాగితాన్ని వెనకనుంచి తినేస్తాయి. ఫెవికాల్ లాంటి జిగురు ఆరాక నీళ్లకు కరగదు. పాత పోస్టర్లు సేకరించేవాళ్లు చిరుగునైనా క్షమిస్తారు గానీ లామినేషన్‌ను క్షమించరు. 2,21,000 ఖర్చుపెట్టి ఉన్న విలువను మీ చేతులతో మీరే తీసేసుకున్నట్టవుతుంది. ఫ్రేము మాటా అంతే. కొనేవాడు చుట్టచుట్టి గొట్టంలో పంపమంటాడు, గాజు ఫ్రేమును కొరియర్‌లో అడగడు. ఫ్రేముకు పెట్టిన డబ్బు అమ్మకంలో తిరిగి రాదు. గోడకు తగిలించుకోవాలనుకున్న ఒకటి రెండింటికే ఫ్రేము.

కాబట్టి డబ్బు తీసేముందు నేల మీద పాత దుప్పటి పరిచి పోస్టర్లను మూడు కుప్పలు పెట్టండి. బొమ్మ పూర్తిగా ఉండి, నాలుగు అంచులూ మిగిలినవి ఒక కుప్ప. ముక్కలు పోయినా మీకు ఇష్టమైనవి రెండోది. మిగతావి మూడోది. కింది అంచున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు ఉంటాయి, చూడండి. అచ్చయిన ప్రతి కాగితం మీదా అవి ఉండాలని 1867 నాటి ప్రెస్సు చట్టం చెప్పింది. పోస్టరు అసలుదా, తర్వాత వేసిన నకలా అని కొనేవాళ్లు ముందు వెతికేది ఆ వరసే. ఫ్రేములో సరిపోవడం లేదని షాపుల్లో కత్తిరించి పారేసేదీ దాన్నే. అరంగుళం తెల్ల అంచు కూడా తీయనివ్వకండి.

మొదటి కుప్పలో అయిదారు తేలితే గొప్ప. ధర తెలుసుకోవాలంటే ఆన్‌లైన్‌లో ‘అడుగుతున్న’ ధరలు చూసి మోసపోవద్దు. వేలం సంస్థల పాత ఫలితాల్లో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి, అందులోంచి కమిషన్ తీసేయండి. అలా చూశాక వీటిలో ఏదైనా బాగా విలువైనదని తేలితే దాన్ని ఇంట్లో ముట్టుకోకండి. వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ లాంటి సంస్థల పరిరక్షణ కేంద్రాలకు ఫొటోలు పంపి అంచనా అడగండి. మీ చేతిపని రెండో కుప్ప మీద.

ఇక ఆ పని. కాగితం వెనక సన్నటి జపనీస్ టిష్యూను (పొడుగు పీచులున్న పలుచటి, గట్టి కాగితం) గోధుమ గంజితో అతికించడం, అంతే. మళ్లీ తడిపితే ఊడి వస్తుంది కాబట్టే ప్రపంచమంతా ఇది వాడతారు. వెనక వేయడానికి చదరపు మీటరుకు 20 నుంచి 30 గ్రాముల టిష్యూ, చిరుగులకు 9 నుంచి 12 గ్రాములది కావాలి. 30×40 అంగుళాల పోస్టరుకు ఒక్క టిష్యూ షీటు సాధారణంగా చాలదు. రెండింటిని 5 మిల్లీమీటర్లు ఒకదానిమీదొకటి ఎక్కించి వేయాలి. ఆ అతుకు పోస్టరు మడత మీదే పడకుండా చూసుకోండి.

గంజికి మైదా వాడొద్దు. గోడలకు పోస్టర్లు అంటించేవాళ్లు, పుస్తకాలు బైండు చేసేవాళ్లు మైదా ఉడికించి పురుగు పట్టకుండా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు. ఆ రాగి కాలక్రమంలో కాగితాన్ని గోధుమరంగుకు తిప్పి పెళుసుబారుస్తుంది. మైదాలోని బంక పదార్థం పురుగులకు విందు. మనకు కావలసింది బంక తీసేసిన పిండిసారం, అంటే గోధుమ స్టార్చ్. గోధుమ పాల హల్వాకు పాలు తీసి రాత్రంతా ఉంచితే అడుగున తెల్లగా పేరుకుంటుందే, అదే. సాధనకు ఇంట్లో తీసినది చాలు, అసలు పనికి శుద్ధిచేసిన స్టార్చ్ కొనండి. ఒక కప్పు స్టార్చ్‌కు అయిదు కప్పుల నీళ్లు. అరగంట నాననిచ్చి, సన్నని సెగ మీద కలియబెడుతూనే 30, 40 నిమిషాలు ఉడికించాలి. తెల్లదనం పోయి గాజులా మెరుపు రావాలి. చల్లారాక సన్న జల్లెడలో రెండుసార్లు వడకట్టి, నీళ్లు కలిపి మజ్జిగ చిక్కదనానికి తేవాలి. ఒక పోస్టరుకు పావు లీటరు పడుతుంది. రెండు మూడు రోజులకు మించి ఉంచొద్దు, పులిసిన వాసన వస్తే పారబోయండి.

తడి తగిలించే ముందు ప్రతి రంగు మీదా ఒక చుక్క నీరు వేసి, బ్లాటింగ్ పేపరు అద్ది నిమిషం నొక్కిపట్టండి. బ్లాటర్‌కు రంగు అంటితే ఆ పోస్టరుకు నీటి పని లేదు. అచ్చు రంగులు చాలావరకు నిలబడతాయి. దగా చేసేది థియేటరు వాళ్లు వేసిన ఊదారంగు రబ్బరు స్టాంపు, సిరాతో రాసిన తేదీ. అవి నీళ్లు తగలగానే పాకుతాయి. తర్వాత మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, మంచి రబ్బరును తురుముకుని ఆ పొడితో మెల్లగా నిమరండి. సెల్లో టేపు ఎండి పెచ్చులా లేస్తే తీసేయండి. అది వదిలిన గోధుమరంగు మరక జోలికి పోవద్దు, దానికి వాడే ద్రావకాలు ఇంట్లో వాడేవి కావు.

పోస్టరును మందపాటి పాలిస్టర్ షీటు మీద బోర్లా పరిచి, ఆర్‌ఓ నీళ్లు స్ప్రే బాటిల్‌తో అంతటా సమానంగా కొట్టండి. ఒకచోట తడిసి ఇంకోచోట ఆరిపోతే తడి ఆగిన అంచున గోధుమరంగు చార పడి ఉండిపోతుంది. పది నిమిషాలు ఆగండి. కాగితం నీరు పీల్చి సాగుతుంది, 40 అంగుళాల మీద ఆ సాగుడు కంటికి తెలుస్తుంది. పూర్తిగా సాగకముందే టిష్యూ వేస్తే ఆరాక ముడతలు. తొందరపడేవాళ్లందరూ ఇక్కడే దొరికిపోతారు. సాగాక మధ్యనుంచి అంచులకు మెత్తటి వెడల్పు బ్రష్షుతో సర్ది, చిరిగిన అంచులను పట్టకారుతో ఒకదానికొకటి చేర్చండి. వేరే పాలిస్టర్ షీటు మీద టిష్యూ పరిచి గంజి రాసి, షీటుతో సహా ఎత్తి పోస్టరు వెనక దించండి. పైనుంచి నొక్కి, షీటును పక్కకు, నేలకు దాదాపు సమాంతరంగా లాగుతూ వదిలించండి. నిటారుగా లాగితే తడి కాగితం కూడా వెంట వస్తుంది. టిష్యూ పీచు దిశ, పోస్టరు పీచు దిశ ఒకటే కావాలి. అడ్డంగా పడితే రెండూ రెండు వైపులా లాగి పోస్టరు దోనెలా వంకర తిరుగుతుంది.

టిష్యూ నాలుగువైపులా రెండంగుళాలు బయటికి ఉండాలి. ఆ అంచుకు మాత్రమే కొంచెం చిక్కటి గంజి రాసి, సన్‌మైకా వేసిన 3×4 అడుగుల బల్లకు, బొమ్మ పైకి కనబడేలా అంటించండి. ఒక అంగుళం మేర గంజి రాయకుండా వదిలితే తర్వాత అక్కణ్నుంచి పలుచటి కత్తి దూర్చి తీయొచ్చు. ఆరుతూ కాగితం తనంతట తనే బిగుసుకుని డప్పులా సాపవుతుంది. ఫ్యాను మాత్రం వేయకండి. అంచులు ముందు ఆరి, మధ్యలో తడి కాగితాన్ని లాగి మడత దగ్గర ఫట్‌మనిపిస్తాయి. రెండు రోజులు కనీసం, వీలైతే వారం వదిలేయండి. మీ డెల్టా తేమకు వానాకాలంలో ఈ పని పెట్టుకుంటే బూజు ఖాయం. డిసెంబరు, ఫిబ్రవరి మధ్య చేయండి. ఈలోగా ఇప్పటి సినిమా పోస్టర్లు, పాత క్యాలెండర్ల మీద ఓ పదిసార్లు చేయి తిప్పండి.

ఈ సాధన, సామాను అంతా కలిపి మొదటి విడతకు 10,000 పరిమితి పెట్టుకోండి. జీతంలోంచి మూడు నెలల్లో సర్దుబాటయ్యే మొత్తం ఇది. మూడో కుప్పకు టిష్యూ కూడా అక్కర్లేదు. మడత విప్పి, ఆమ్లం లేని కాగితం మధ్య పరిచి, రెండు వైపులు తెరిచి ఉన్న పాలిస్టర్ ఫోల్డర్లలో సాపుగా ఉంచితే చాలు. అటక మీద కాదు, బయటి గోడకు ఆనించీ కాదు. గోడకు తగిలించేదాన్ని గాజుకు తగలనివ్వకూడదు, మధ్యలో మౌంటు బోర్డు (బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట) అంచు ఉండాలి. లేకపోతే తేమకు అచ్చు గాజుకు అతుక్కుంటుంది. పోస్టరును పై అంచున రెండు టిష్యూ పట్టీలతోనే వేలాడదీయాలి, నాలుగు వైపులా బిగించకూడదు.

పన్ను. తండ్రి నుంచి వచ్చిన ఆస్తికి ఆయన కొన్న ధర, ఆయన ఉంచుకున్న కాలమే మీకూ వర్తిస్తాయి. పెయింటింగులు, కళాకృతులు సొంత వాడకం సామానుగా మినహాయింపు పొందవు. పోస్టరు కళాకృతి కిందికొస్తే దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, పైన సెస్సు. 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ ధరను కొన్న ధరగా తీసుకునే వీలుంది, కానీ దాన్ని నిరూపించే కాగితం కావాలి. కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదనే రిబేటు ఈ లాభానికి వర్తించదు, చాలామంది ఇక్కడ పొరబడతారు. టిష్యూ, స్టార్చ్ బిల్లులు దాచండి, వాటిని ఖర్చుగా చూపడం కుదురుతుందా అన్నది మీ సీఏ చూస్తారు. ఇవి అమ్మాక ఇంకొకరి దగ్గర కొని అమ్మడం మొదలుపెడితే అది వ్యాపార ఆదాయం, లెక్క వేరు. పోస్టర్లను స్కాన్ చేసి ప్రింట్లు అమ్మే ఆలోచన ఉంటే మానుకోండి. కాగితం మీ సొంతమే గానీ, బొమ్మ మీద కాపీరైట్ మీది కాదు.

ఇంటికి భారత్ గృహ రక్ష అనే బీమా పాలసీ తీసుకుంటే విలువైన వస్తువులకు విడిగా కవరు చేర్చుకోవచ్చు. మొత్తం 5 లక్షల లోపు, ఒక్కో వస్తువు లక్ష లోపు అయితే విలువ సర్టిఫికెట్ అడగరు. నిప్పు, వరద లాంటివాటికే అది పనికొస్తుంది. చెదలు పట్టినా, తేమకు మెల్లగా పాడైనా పరిహారం ఆశించకండి.

ఎఫ్‌డీని ముట్టుకోకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు వేరే పక్కన లేకపోతే ఏప్రిల్‌లో అదే మీ అత్యవసర నిధి, రెన్యువల్ చేయండి.

ఇంకొకటి, మీ ఉత్తరంలో అడగనిది. వీలునామా లేదు కనుక హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికీ, అక్కగారికీ, మీకూ తలా మూడో వంతు. మొదటి పోస్టరు అమ్మకముందే వాళ్లిద్దరి అంగీకారం కాగితం మీద ఉండాలి. మరమ్మతుకు మీరు పెట్టిన ఖర్చు ముందు తీసుకుని మిగిలింది పంచుకోవడమా, ఎవరి వాటా వాళ్లు విడిగా ఉంచుకోవడమా అన్నది అందులోనే రాసుకోండి. నేల మీద కుప్పలు పెట్టిన రోజే ఒక్కోదానికి ముందు, వెనక, ప్రెస్సు పేరున్న అంచు దగ్గరగా, మొత్తం మూడు ఫొటోలు తీసి, 1 నుంచి 34 దాకా నంబర్లు వేసి, ఆ జాబితా అక్కగారికి ఆ సాయంత్రమే పంపేయండి.