చీమకుర్తి దుమ్ములో నీ కంప్యూటర్‌కు ఏ కూలర్?

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. కంప్యూటర్ చిప్‌ను చల్లబరచడానికి ఫ్యాను గాలితో నడిచే ఎయిర్ కూలర్ పెట్టాలా, నీళ్లు తిప్పే లిక్విడ్ కూలర్ పెట్టాలా అని మొన్న నువ్వు ఫోన్‌లో అడిగింది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. షాపులో జనం ఉండి సరిగ్గా మాట్లాడలేకపోయాను. రాత్రి కూర్చుని ఆలోచించాను. నువ్వు పెట్టబోయేది చిన్న డబ్బు కాదు, పైగా పెళ్లి వీడియోల మీదే ఇల్లు నడుస్తోంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

"లిక్విడ్ కూలర్ పెడితే వేడి ఉండదంట కదా పెదనాన్నా" అన్నావు. ముందు ఆ మాట పక్కన పెట్టు. నువ్వు కొన్న రైజెన్ 9 9950ఎక్స్ ప్రాసెసర్ చిప్ డబ్బా మీద 170 వాట్లు అని ఉంటుంది గానీ, దానిలో లెక్కలు చేసే 16 కోర్లూ ఒక్కసారిగా పనిలో పడితే 230 వాట్ల దాకా తీసుకుంటుంది. పాతకాలపు సీలింగ్ ఫ్యాన్లు మూడు తినే కరెంటు అంతా అగ్గిపెట్టెంత చిప్‌లో వేడిగా మారుతుందన్నమాట. ఆ వేడిని ఏ కూలరూ మాయం చేయలేదు. ఎయిర్ కూలరైనా, లిక్విడ్ కూలరైనా చిప్ దగ్గర్నుంచి తీసుకెళ్లి నీ గది గాలిలోనే వదులుతుంది. గదిలో ఎంత వేడి ఉందో అంతకంటే కిందికి ఏదీ దించలేదు. గది 30 డిగ్రీలున్నప్పుడు చిప్ 75 దగ్గర నడుస్తుంటే, గది 40కి చేరిన రోజున అదే పనికి అది 85 దగ్గర ఉంటుంది. మీ మేడ మీద గది స్లాబు రోహిణి కార్తెలో ఎలా కాలిపోతుందో నీకు తెలుసు. రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం. నీ లెక్క అక్కడ మొదలవ్వాలి.

ఇంకో సంగతి. ఎయిర్ కూలర్ అంటే ఉత్త ఇనప రేకులకు ఫ్యాను తగిలించడం అనుకుంటారు చాలామంది. అల్యూమినియం రెక్కల దొంతరలు రెండు నిలబెట్టిన రెండు టవర్ల కూలర్‌లో కింద నుంచి పైకి వెళ్లే ఆరేడు రాగి గొట్టాలు ఉంటాయే, వాటిలోనూ కొద్దిగా నీళ్లుంటాయి. గాలి తీసేసి సీల్ చేస్తారు కాబట్టి ఆ నీరు తక్కువ వేడికే ఆవిరవుతుంది. ఆవిరి పైకి పోయి, అల్యూమినియం రెక్కల దగ్గర చల్లబడి మళ్లీ నీరై, గొట్టం లోపలి గరుకు పొర వెంబడి చిప్ దగ్గరికి తిరిగొస్తుంది. అలా తిరుగుతూనే ఉంటుంది. దానికి పంపు లేదు, కరెంటు అక్కర్లేదు. పదేళ్ల నాటి కూలర్లకు ఫ్యాను మాత్రం మార్చి మళ్లీ వాడినవి నా చేతి మీద ఎన్నో ఉన్నాయి.

లిక్విడ్ కూలర్‌ను తీసిపారేయమని నేను చెప్పడం లేదు. మంచి 360 కూలర్ అంటే మూడు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పట్టే రేడియేటర్ (నీళ్లను చల్లబరిచే రెక్కల పలక) ఉన్నది. అంత పెద్ద రెక్కల గంపను చిప్ మీద మోయించలేం, అందుకే నీళ్ల పైపులతో వేడిని అక్కడి దాకా లాక్కెళ్తారు. నువ్వు ఇంటెల్ ఐ9 14900కె లాంటి చిప్ కొని ఉంటే, అది 253 వాట్ల దాకా వెళ్తుంది కాబట్టి, రాత్రంతా పూర్తి వేగంతో నడపాలంటే 360 పెట్టుకోమనే చెప్పేవాణ్ని. చప్పుడు కూడా కొంచెం తక్కువ ఉంటుంది. ఒకటి గుర్తుపెట్టుకో. నీళ్లు వేడెక్కడానికి టైం పడుతుంది. అందుకే మొదటి పది నిమిషాలు లిక్విడ్ కూలర్ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. అరగంట దాటాక నీళ్లూ కాగుతాయి, అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది. యూట్యూబ్‌లో చూపించే ఐదు నిమిషాల టెస్టులు చూసి మోసపోవద్దు. నీది ఐదు నిమిషాల పని కాదు, మూడు గంటల పెళ్లి వీడియో.

ఇక మన ఊళ్ల సంగతి. గత వేసవిలో చీమకుర్తి క్వారీ రోడ్డు మీద ఉన్న ఒక ఆఫీసు నుంచి నా దగ్గరికి ఒక మిషన్ వచ్చింది. ఆన్ చేస్తే పది నిమిషాలకు ఆగిపోతోందట. పక్క డోరు తీశాను. ముందు వైపు రేడియేటర్ కనబడలేదు. దాని మీద బూడిద రంగు దుప్పటి కప్పినట్టు ఉంది. వేలితో గీస్తే దుమ్ము రాలలేదు, ఇడ్లీ పిండి ఆరిపోయినట్టు పెచ్చుగా ఊడింది. గ్రానైట్ పొడి మామూలు ఇంటి దుమ్ములాంటిది కాదు నాయనా. సన్నగా, బరువుగా ఉంటుంది. వానాకాలం తేమ తగిలితే రెక్కల మధ్య గట్టిగా పట్టేస్తుంది. రేడియేటర్ రెక్కలు దువ్వెన పళ్ల కంటే దగ్గరగా, సన్నగా ఉంటాయి, బ్రష్ గట్టిగా నొక్కితే వంగిపోతాయి. బ్లోయర్‌తో కొడితే పైపొర పోయింది గానీ లోపలిది కదల్లేదు. ఫ్యాన్లు మూడూ విప్పి, వెనక నుంచి కొట్టి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో వరసవరసా తీసేసరికి సాయంత్రమైంది. అదే రెండు టవర్ల ఎయిర్ కూలర్ అయితే రెక్కల మధ్య సందు ఎక్కువ. క్లిప్పులు తీసి ఫ్యాన్లు పక్కన పెట్టి బ్లోయర్ పట్టుకుంటే పావుగంట పని. అది నువ్వే చేసుకోగలవు, ఒంగోలు దాకా మోసుకురానక్కర్లేదు. గ్రానైట్ లారీలు పగలూ రాత్రీ తిరిగే రోడ్డు మీద ఇల్లు ఉన్నవాడికి ఇది చిన్న విషయం కాదు.

దుమ్ము కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది లిక్విడ్ కూలర్‌లో నీళ్లు తిప్పే పంపు. మన పక్కవీధి కుర్రాడొకడు, నీలాగే వీడియోలు ఎడిట్ చేస్తాడు. మాఘమాసం ముహూర్తాలు, మర్నాడు పొద్దున్నే రిసెప్షన్‌లో వేయాల్సిన వీడియో. రాత్రి పన్నెండున్నరకు ఏడుపు గొంతుతో ఫోన్ చేశాడు. వెళ్లి చూశాను. ఆన్ చేసిన నిమిషంలోపే వేడి 100కి పోతోంది, మిషన్ దానంతట అదే ఆగిపోతోంది. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, లైట్లన్నీ రంగులు మారుస్తున్నాయి, పైకి చూస్తే ఏ లోపమూ లేదు. పంపు మీద వేలు పెట్టాను. బతికున్న పంపు సన్నగా అదురుతుంది, అది వేలికి తెలుస్తుంది. ఇక్కడ ఏమీ తెలియలేదు. చిప్ మీద దిమ్మ చుర్రుమంది, పైన రేడియేటర్ మాత్రం చల్లగా ఉంది. నీళ్లు తిరగడం లేదు. ఆ వేళప్పుడు ఒంగోల్లో కూలర్ అమ్మే షాపు ఏది తెరిచి ఉంటుంది? చివరికి నా ఇంట్లో మిషన్ కూలర్ విప్పి తెచ్చి బిగించాను. తెల్లారి ఐదుకు వీడియో అయింది. వారంటీలో కొత్తది వచ్చింది, కాదనను. కానీ రావడానికి మూడు వారాలు పట్టింది. ఎయిర్ కూలర్‌లో చెడిపోయేది ఫ్యాను ఒక్కటే. రెండు ఫ్యాన్లలో ఒకటి ఆగినా రెండోది లాక్కొస్తుంది, పని కొంచెం నెమ్మదిస్తుంది అంతే. అవసరమైతే క్యాబినెట్ (కంప్యూటర్ డబ్బా) ఫ్యాను ఒకటి ఊడదీసి జిప్ టై వేసి కట్టుకోవచ్చు.

నువ్వు భయపడినట్టు కరెంటు పోతే మాత్రం ఏ కూలర్‌కూ ప్రమాదం లేదు. చిప్ కూడా ఆగిపోతుంది కదా. అప్పుడు పోయేది నీ రెండరింగే, అంటే సగంలో ఉన్న వీడియో తయారీ పనే, దానికి యూపీఎస్ ఉండాలి.

కాబట్టి నా మాట: నీకు ఎయిర్ కూలరే. ఆరు రాగి గొట్టాలు, రెండు టవర్లు, రెండు ఫ్యాన్లు ఉన్నది తీసుకో. నాక్టువా ఎన్‌హెచ్-డీ15 పేరున్నదే, ఖరీదు ఎక్కువ. డీప్‌కూల్ ఏకే620, థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ లాంటివి దాని ధరలో సగానికి అటూఇటూగా దొరుకుతాయి. నీ పనికి అవి చాలు. కొనే ముందు క్యాబినెట్ వెడల్పు చూడు. ఇవి 155 నుంచి 165 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, పక్క అద్దం మూతపడకపోతే అప్పుడు ఏడ్చి లాభం లేదు. లైట్లున్న పొడుగాటి ర్యామ్ కొన్నావంటే ముందు ఫ్యాను కింద పట్టదు, మామూలు ఎత్తుదే కొను.

ఇంకోటి, ఇది అందరికీ చెప్తాను గానీ వినేవాళ్లు తక్కువ. బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల పేజీ) వెళ్లి, చిప్ తినే కరెంటును తగ్గించే ఎకో మోడ్ 105 వాట్లకు పెట్టు. 170 అని రాసి 230 దాకా తీసుకున్నట్టే, 105 అని పెడితే చిప్ 230 బదులు 142 వాట్ల దగ్గర ఆగుతుంది. వేడి మూడో వంతుకు పైగా తగ్గుతుంది, వేగం మాత్రం అంతగా తగ్గదు. ఎందుకంటే ఆ చివరి కొద్దిపాటి వేగం కోసమే చిప్ అంత కరెంటు తాగుతుంది. మూడు గంటల పనికి కొన్ని నిమిషాలు ఎక్కువ పడితే పట్టనీ. ఆ చిప్ పరిమితి 95 డిగ్రీలు. అక్కడికి చేరితే కాలిపోదు, తనే వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో స్క్రీన్ మీద 88, 90 కనబడితే టెన్షన్ పడి నాకు ఫోన్ చేయకు. రోజంతా 95 దగ్గరే నిలబడితే మాత్రం చెయ్యి.

కూలర్‌లో మిగిలిన డబ్బు క్యాబినెట్ మీద పెట్టు. ముందు అద్దం ఉన్నది వద్దు, జాలీ ఉన్నది, జాలీ వెనక విప్పి కడుక్కునే ఫిల్టర్ ఉన్నది కావాలి. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. లోపలికొచ్చే గాలి ఎక్కువ ఉంటే సందుల్లోంచి దుమ్ము దూరదు, ఫిల్టర్ మీదే ఆగుతుంది. పది రోజులకోసారి ఫిల్టర్ కుళాయి కింద కడిగి ఆరబెట్టు. గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి కూడా ఆ డబ్బాలోనే తిరుగుతుందని మరిచిపోకు. క్యాబినెట్‌ను టేబుల్ కింద గోడకు ఆనించి పెట్టావని మీ అమ్మ చెప్పింది. బయటికి లాగు, వెనక జానెడు ఖాళీ ఉండాలి. నేల మీద కాదు, స్టూలు మీద. రెండు నెలలకోసారి బ్లోయర్ పట్టు, పట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టు, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

అద్దంలోంచి పైపులు, లైట్లు కనపడాలని నీకు మనసు ఉంటే అది తప్పని నేననను. నీ సంపాదన, నీ ముచ్చట. అప్పుడు 360 తీసుకో, రెండు ఫ్యాన్ల 240తో సరిపెట్టకు. రేడియేటర్ క్యాబినెట్ పైకప్పుకే బిగించు. రేడియేటర్ పైభాగం పంపు కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే లోపలి గాలి బుడగ పంపులో చేరి గరగరమంటుంది, పంపు ఆయుష్షు తగ్గుతుంది. సీల్ చేసి ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ పైపుల గుండా నీరు కొద్దికొద్దిగా తగ్గుతుంది, అందులో మళ్లీ పోసే వీలు చాలావాటికి ఉండదు. ఐదారేళ్లకు కూలర్ మొత్తం మార్చాలని ఇప్పుడే లెక్కలో రాసుకో. ఇంట్లో పాత ఎయిర్ కూలర్ ఒకటి అటక మీద ఉంచుకో, పెళ్లిళ్ల సీజన్‌కు.

నీ అంతట నువ్వు బిగించకు, మొదటిసారి నా ముందు బిగిద్దువు గాని. కూలర్ అడుగున పారదర్శకంగా ఒక ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది, అది తీయకుండా బిగించి నెలల తరబడి వాడినవాళ్లను చూశాను. చిప్‌కూ కూలర్‌కూ మధ్య రాసే పేస్ట్ శనగ గింజంత చాలు. స్క్రూలు ఒకవైపు పూర్తిగా తిప్పేయకుండా అటో చుట్టు, ఇటో చుట్టు తిప్పుతూ రావాలి.

ఆదివారం మధ్యాహ్నం షాపు మూసేస్తాను, మన ఇంటికే తీసుకురా. వచ్చేటప్పుడు క్యాబినెట్ ఆటోలో నిలబెట్టినా ఫరవాలేదు, కూలర్ బిగించి వెళ్లేటప్పుడు మాత్రం దాని కిలోకు పైగా బరువు మదర్‌బోర్డుకు వేలాడుతుంటుంది. అద్దం వైపు పైకి ఉండేలా సీటు మీద పడుకోబెట్టి తీసుకెళ్లాలి. కింద పరవడానికి పాత దుప్పటి ఒకటి తెచ్చుకో. మీ పెద్దమ్మ నీకోసం ఉలవపాడు మామిడికాయలు దాచింది, అవీ తీసుకెళ్దువు గాని.

మీ పెదనాన్న,
ఒంగోలు