అమ్మ వేలును ఆఖర్ల ఎందుకు పెట్టినవ్?

తమ్మీ,

వేలితోని, మౌస్‌తోని వాడే వెబ్‌సైట్లల బటన్లు ఎట్లుండాలె అని నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివిన. మొదటిసారి కోపమొచ్చింది, రెండోసారి ఆఖరి పేరా కాడ ఆగిపోయిన.

ముందు కోపం సంగతి. "స్క్రీన్ 768 పిక్సెళ్ల కన్నా చిన్నగుంటే టచ్, పెద్దగుంటే మౌస్" అని అంత ధీమాగ ఎట్ల రాసినవ్? ఇప్పుడు ల్యాప్‌టాపులకు సుత టచ్ వస్తుంది, ఐప్యాడ్‌కు 2020 నుంచి ట్రాక్‌ప్యాడ్ పెట్టుకొని పనిజేసుకునేటోళ్లున్నరు. తెర వెడల్పు జూసి, దాన్ని ముట్టేది వేలో మౌసో ఎట్ల జెప్తవ్? బ్రౌజర్‌నే అడగొచ్చు గదా, వెబ్‌పేజీ రూపు దిద్దే సీఎస్ఎస్‌ల పాయింటర్, హోవర్ (నొక్కకుంట మౌస్‌ను మీద నిలుపుడు) అని మీడియా క్వెరీలున్నయి, అంటే మిషన్ ఎసొంటిదో అడిగే ప్రశ్నలు. పాయింటర్‌కు జవాబు కోర్స్ అంటే వేలు లెక్క మోటుది, ఫైన్ అంటే మౌస్ లెక్క సన్నది. రెండూ ఉన్న మిషన్ అయితే ఎనీ-పాయింటర్‌ను అడగాలె, అది ఉన్నవన్నీ చూస్తది. దీని మీద ఒక్క ముక్క రాయలే గని, తెర సైజును బట్టి పేజీ సర్దుకునుడుకు రెస్పాన్సివ్ డిజైన్ అనే పేరు 2010ల వెబ్ డిజైనర్ ఈథన్ మార్కోట్ పెట్టిండని సగం పేజీ చరిత్ర రాసినవ్.

నేను సుత గా తప్పు చేసినోన్నే. వరంగల్ ఎనుమాముల మార్కెట్ కాడ ఒక మిర్చి దుకాణానికి వెబ్‌సైట్ చేసిన, మౌస్ మీదికి తెస్తే మెనూ జారుకుంట దిగేది, నా రూముల చూసుకొని మస్తు మురిసిన. దుకాణంల ఒక కాక ఫోన్ తీసి మెనూ మీద వేలు పెట్టిండు, తీసిండు, మల్ల పెట్టిండు, ఏం దిగలే. కంప్యూటర్ల చూడు కాకా అంటే, "నా కంప్యూటర్ ఇదే గదరా" అన్నడు. వేలికి హోవర్ ఎక్కడిది, అయితే నొక్కుడు లేకుంటే లేదు. సరే అని బటన్లన్నీ పెద్దగ జేసిన, అప్పుడు గుమస్తా మొత్తుకున్నడు, దినమంతా మౌస్‌తోని పద్దులు ఎక్కించేటోడాయె, ముప్పై వరుసలు కనవడే జాగల పది కనవడ్తున్నయని. ఆఖరికి తెలిసిందేందంటే బటన్ చూసేటందుకు చిన్నగున్నా సరే, చుట్టూ నొక్కుడు పడే జాగ పెద్దగ ఉంచాలె. హోవర్ సోకు కోసం పెట్టుకో, గని లోపలికి పోయే దారి అదొక్కటే కావద్దు.

ఇదంతా అప్పట్ల ఒక పత్రికకు రాసి పంపిన. ఎడిటర్ సారు టచ్‌స్క్రీన్‌ను స్పర్శతెర జేసిండు, మౌస్‌ను మూషికం జేసిండు, కాక మాట మొత్తం పీకేసిండు, స్థలం లేదట! మూషికానికి మాత్రం ఉన్నది. ఇప్పటిదాక మర్శిపోలే నేను.

నువ్వు సుత గట్లనే జేసినవ్ తమ్మీ. నొక్కే జాగ కనీసం ఎంతుండాలెనో, యాపిల్ 44 పాయింట్లు, గూగుల్ 48 డీపీ (రెండూ తెర మీది కొలతలే), వెబ్ అందరికి అందాలనే నియమాలు, 2023ల వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2ల కనీసం 24 పిక్సెళ్లు అని అంకెలన్నీ ముందల పేర్చినవ్. బీడీలు చుట్టి చుట్టి మొద్దుబారిన అమ్మ వేలు, ఓకే అనుకొని క్యాన్సిల్ నొక్కుతదన్న మాటను మాత్రం ఆఖర్ల, సిగ్గుపడుకుంట పెట్టినవ్. అది మొదటి వాక్యం కావాలె. గా వేలు కనవడ్తేనే 44 ఎందుకో చదివెటోనికి సమజైతది, అది లేకుంటే ఎక్కాల పుస్తకమే.

ఇంకోటి, ఓకేకు క్యాన్సిల్‌కు నడుమ ఎంత జాగున్నదో నువ్వు రాయలే. ఈ ఐతారం అమ్మ పక్కన కూసోని, ఏం చెప్పకుంట, ఆమె వేలు ఎక్కడ పడ్తుందో చూసి రాసి పంపు.