మృత్యువు చెప్పిందా, చెప్పాడా?

సందేహం: రెండో ప్రపంచయుద్ధకాలంలో జర్మనీలోని ఒక వీధి జనం బతుకును మృత్యువే చెప్పుకొచ్చే నవల మీద పరిచయవ్యాసం రాస్తున్నాను. మృత్యువు ‘చెప్పింది’ అనాలా, ‘చెప్పాడు’ అనాలా? కథకుడా, కథకురాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: నవల లోపల చిక్కే లేదమ్మా. ‘నేను చూశాను’ అన్నంతసేపూ తెలుగు క్రియ ఆడా మగా అని అడగదు. చిక్కల్లా బయట నిలబడి పరిచయం చేసే మీకే.

‘అన్తో నాశో ద్వయోర్మృత్యుః’ అన్నాడు అమరకోశం రాసిన అమరసింహుడు. ద్వయోః అంటే పుంలింగంలోనూ స్త్రీలింగంలోనూ అని. ‘మృఙ్ ప్రాణత్యాగే’ అన్న ధాతువులో ప్రాణం వదలడమే ఉంది, వదిలించేవారు లేరు. వారిని చూడాలంటే మహాభారతంలో శాంతిపర్వం తెరవండి. యుద్ధం ముగిసింది. నేలకొరిగిన రాజులను తలచుకుని, ఈ మృత్యువు ఎవరు, ఎక్కడినుంచి వచ్చింది అని ధర్మరాజు అడిగాడు. కొడుకును యుద్ధంలో పోగొట్టుకున్న ఒక రాజుకు నారదుడు చెప్పిన కథను భీష్ముడు వినిపించాడు. శివుడి మాట మన్నించి బ్రహ్మ తన కోపాగ్నిని అణచుకున్నప్పుడు ఆయన ఇంద్రియాలలోంచి ఎర్రబట్టలు కట్టిన స్త్రీ ఒకతె పుట్టింది. ప్రాణులను చంపమంటే ఏడ్చింది. పసివాళ్లను, ముసలివాళ్లను ఎలా చంపేదని బతిమాలింది. ఆ పని తప్పించుకోవడానికి ఏళ్లతరబడి తపస్సు చేసింది. బ్రహ్మ వినలేదు. ఆమె కన్నీళ్లే రోగాలయ్యాయి. ఇష్టంలేని కొలువులో కుమిలే కథకులు యూరప్‌లోనే పుట్టారనుకునేవారు ఈ ఘట్టం ఒకసారి చదవాలి.

యముడు వేరు. ‘యమ్’ అంటే అదుపుచేయడం. ఆయన తీర్పరి, ఆయనైతే ‘చెప్పాడు’.

ఇక తెలుగులో ఏకవచనాన స్త్రీ కూడా అమహత్తే, అంటే క్రియ విషయంలో జంతువుల, వస్తువుల జట్టే కదా. ‘చెప్పింది’ అంటే దేవతో, ఒట్టి భావమో పాఠకుడు తేల్చుకుంటాడు. నా మొగ్గు అటే. మూలంలో పురుషుడన్న సూచన బలంగా ఉంటే ‘చెప్పాడు’ అన్నా తగవుకు రాను. కథకుడు, కథకురాలు అన్న పేచీ ఎందుకు? ‘కథ చెప్పేది మృత్యువు’ అనండి, సరిపోతుంది.

ఒక్కటి మాత్రం సహించను. ‘మృత్యువాతకు గురయ్యారు’ అని వార్తల్లో రోజూ చదువుతున్నారు. ‘వాయి’ అంటే నోరు, ‘వాత’ అంటే నోట్లో. నోట్లోకు గురికావడమేమిటి, మన ఖర్మ కాకపోతే! ‘మృత్యువాత పడ్డారు’ అన్నదే తెలుగు. మీ వ్యాసంలో బాంబులు పడే ఘట్టం తప్పకుండా వస్తుంది కనుక ముందే చెబుతున్నాను.