ఇంటర్ చదవకుండా డిగ్రీకి దారి ఉందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పదో తరగతి పాసయ్యాక ఇంటి పరిస్థితుల వల్ల చదువు ఆగిపోయింది. మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీకి పనికి వెళ్తాను, మిగతా రోజుల్లో ఇంట్లోనే బట్టలు కుడతాను. బి.ఏ., ఆ తర్వాత బి.ఇడి. చేసి టీచరు కావాలన్నది నా కోరిక. ఇంగ్లండులో ఉంటున్న మా పిన్నమ్మ కూతురు అక్కడ ఒక కాలేజీలో ఏడాదిపాటు ‘యాక్సెస్’ కోర్సు చదివి యూనివర్సిటీలో సీటు తెచ్చుకుంది. అలాంటి కోర్సు మన దగ్గర ఉందా? ఇంటర్ లేకుండా నేను డిగ్రీలో చేరవచ్చా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మీ చెల్లెలు చదివినది మధ్యలో చదువు ఆపేసిన పెద్దవారి కోసమే బ్రిటన్‌లో రూపొందించిన కోర్సు. 1978లో అక్కడి ప్రభుత్వం కొన్ని స్థానిక విద్యాశాఖలను ఇటువంటి కోర్సులు పెట్టమని కోరడంతో ఇవి విస్తరించాయి. నేటి యాక్సెస్ డిప్లొమాకు మొత్తం 60 క్రెడిట్లు ఉంటాయి. వాటిలో 45 మన ఇంటర్‌కు దగ్గరగా ఉండే మూడో స్థాయివి. సబ్జెక్టులతో పాటు నోట్సు రాసుకోవడం, పుస్తకాల్లో విషయం వెతకడం, ఒక ప్రశ్నకు వాదన కట్టి సుదీర్ఘంగా జవాబు రాయడం కూడా అక్కడ నేర్పుతారు. ఆ కోర్సులో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఈ చివరి భాగమే.

మన రాష్ట్రంలో సరిగ్గా దానికి సాటి వచ్చే కోర్సు లేదు. 1982లో హైదరాబాదులో మొదలై ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇంటర్ లేనివారికి అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకునే పద్ధతిని తెచ్చింది. చదువుకు దూరమైన ఎందరికో అది తలుపు తెరిచింది. అయినా మీ లక్ష్యం ఉపాధ్యాయ వృత్తి కాబట్టి ఇంటర్‌ను దాటవేయవద్దనే నా సలహా. పది, ఇంటర్, డిగ్రీ అనే వరుస ఉందా లేదా అని నియామకాల సమయంలో అడిగే సందర్భాలు ఉంటాయి. ఏళ్ల తరబడి కష్టపడిన తర్వాత ఆ ప్రశ్న ఎదురుకావడం కంటే ఇప్పుడు ఒక సంవత్సరం ఎక్కువ వెచ్చించడమే మేలు.

అందుకు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే అందరూ ఓపెన్ స్కూల్ అని పిలిచే సంస్థ, మీకు సరిపోతుంది. ఓపెన్ ఇంటర్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు, తెలుగు మాధ్యమం ఉంది, అయిదు సబ్జెక్టులు పాసైతే చాలు. స్టడీ సెంటర్‌లో సెలవు రోజుల్లో తరగతులు జరుగుతాయి. ఇటీవలి సంవత్సరాల్లో పరీక్షలు మార్చి ప్రాంతంలో జరుగుతున్నాయి కాబట్టి, తోతాపురి కాయ ఫ్యాక్టరీలకు వచ్చే జూన్, జూలై నెలల పనికి అవి అడ్డు రావు.

ఇక అసలు సంగతికి వస్తాను. బి.ఇడి.లో ప్రవేశానికి జనరల్ అభ్యర్థులకు డిగ్రీలో కనీసం 50 శాతం మార్కులు ఉండాలి. గైడు బట్టీపట్టి 35 మార్కులతో గట్టెక్కే అలవాటు ఇంటర్‌లో పడితే, డిగ్రీలో అదే మిమ్మల్ని వెనక్కు లాగుతుంది. పదహారేళ్లకు పైగా పరీక్ష రాయని చేతికి మూడు గంటలు ఏకధాటిగా రాయడమే పెద్ద పని. ఏ కాలేజీ మీకు ఆ సన్నాహం ఇవ్వదు కాబట్టి మీరే చేసుకోవాలి. చిత్తూరు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకుని, రోజూ దినపత్రిక సంపాదకీయం ఒకటి చదివి, పత్రిక మూసి, దాని సారాంశాన్ని మీ మాటల్లో ఒక పేజీ రాయండి. పాఠం చదివినప్పుడు “దీని మీద ఏ ప్రశ్న అడగవచ్చు?” అని ముందు ప్రశ్న తయారుచేసి, తర్వాత జవాబు రాయండి. వారానికి ఒకసారి గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రం పూర్తిగా రాసి, మీ దగ్గర్లోని బడిలో ఉపాధ్యాయుల్లో ఒకరిని దిద్దిపెట్టమని అడగండి. మొహమాటపడకండి, చాలామంది సంతోషంగా దిద్దుతారు. ఇంగ్లీషుకు మాత్రం ఎనిమిదో తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టండి.

బి.ఏ. దూరవిద్యలో చేయవచ్చు గానీ, కొత్తగా టీచరు కాదలచినవారు బి.ఇడి.ని కాలేజీకి వెళ్లే చదవాలి. ఆ రెండేళ్ల ఇంటి ఖర్చుకు ఇప్పటి నుంచే కొంత కూడబెట్టుకోండి. ప్రభుత్వ పోస్టులకు గరిష్ఠ వయోపరిమితి ఉంటుంది, అదీ ముందే చూసుకోండి.

తిరుపతిలో 1954 నుంచి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. మీవంటి మహిళల కోసం వేసవిలో మూడు నెలల సన్నాహక తరగతులు నడపడం వాటికి అసాధ్యమేమీ కాదు. నడపాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రశ్న: నాకు 51 ఏళ్లు, ఇంటర్ పాసయ్యాను. ఇరవై వేలు కడితే ‘సింగిల్ సిట్టింగ్’లో, అంటే ఒకే ఏడాదిలో, డిగ్రీ ఇప్పిస్తామని ఒకరు అంటున్నారు. నమ్మవచ్చా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: నమ్మవద్దు. మూడేళ్ల డిగ్రీని ఏడాదిలో ఇచ్చే అధికారం ఏ విశ్వవిద్యాలయానికీ లేదు. అలా వచ్చిన పట్టా ఎక్కడా చెల్లదు. దూరవిద్యలో ఏ విశ్వవిద్యాలయానికి ఏ కోర్సుకు అనుమతి ఉందో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) దూరవిద్యా విభాగం తన వెబ్‌సైట్‌లో ప్రకటిస్తుంది. మీరు చేరే విద్యాసంవత్సరానికి ఆ కోర్సు పేరు అక్కడ ఉందో లేదో చూడండి. 2024 నుంచి విద్యార్థి స్వయంగా ‘డెబ్ ఐడీ’ అనే గుర్తింపు సంఖ్య తీసుకున్నాకే ప్రవేశం ఇస్తున్నారు. ఫీజును నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు మధ్యవర్తి చేతికి ఇవ్వకండి. 51 ఏళ్ల వయసు దూరవిద్యలో బి.ఏ. చదవడానికి ఏ విధంగానూ అడ్డు కాదు.