సముద్రం పక్కనే ఉన్నా కోస్తాలో మే చివర వడగాడ్పు ఎందుకు?

అడిగిన ప్రశ్న ఇది: బందరు, ఒంగోలు లాంటి ఊళ్లకు సముద్రం అంత దగ్గర కదా, మరి రోహిణి కార్తెలో అక్కడ కూడా నిప్పులు చెరిగినట్టు ఎందుకుంటుంది?

ఒక్క మాటలో, ఆ రోజుల్లో గాలి సముద్రం మీది నుంచి రాదు. రాజస్థాన్, మధ్యప్రదేశ్ వైపు నుంచి ఎండిన నేల మీదుగా పడమటి గాలి వస్తుంది. దక్కన్ పీఠభూమి దాటి తీరం వైపు కిందికి దిగేటప్పుడు అది ఇంకా వేడెక్కుతుంది. పొడిగాలి ఒక కిలోమీటరు దిగితే దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది మరి.

మామూలు రోజుల్లో మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి వచ్చి కాపాడుతుంది. పడమటి గాలి గట్టిగా ఉంటే దాన్ని లోపలికి రానివ్వదు. తేడా దండెం మీదే తెలుస్తుంది: తడిపంచె అరగంటలో అప్పడంలా బిర్రబిగుస్తుంది, రెపరెపలన్నీ తూర్పువైపుకే. సాయంత్రం అది పడమరకు తిరిగిందంటే సముద్రపు గాలి వచ్చినట్టే, హమ్మయ్య.

2015 మే చివరి వారాల్లో ఇదే రోజుల తరబడి సాగింది. ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి రెండు వేలమందికి పైగా చనిపోయారు. ఎక్కువగా కూలీలు, ముసలివాళ్లు.

పొడి వేడిలో చెమట పట్టగానే ఆరిపోతుంది, అందుకే ఒంట్లో నీరు పోతున్న సంగతే తెలియదు. నా లెక్కలో ఉక్కపోత కన్నా ఇదే ప్రమాదం. ఉక్కపోత కనీసం విసిగించి మనిషిని నీడకు తోలుతుంది.

వాతావరణ శాఖ తీరప్రాంతానికి 37 డిగ్రీలు దాటి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాలి అంటుంది. మైదానాలకైతే 40 దాటాలి.