రేడియేటర్ చల్లగా, ప్రాసెసర్ సలసలా

ప్రశ్న: ఎనిమిది నెలల కిందట నా కంప్యూటర్‌కు సొంతంగా వాటర్ కూలింగ్ లూప్ (ప్రాసెసర్ వేడిని నీళ్లతో రేడియేటర్‌కు మోసుకెళ్లే ఏర్పాటు) కట్టుకున్నాను. 360 మిల్లీమీటర్ల రేడియేటర్, డీ5 పంపు, మెత్తటి ట్యూబులు, పాలలా తెల్లగా ఉండే కూలెంట్. మొదట్లో గేమ్ ఆడుతున్నా ప్రాసెసర్ 65 డిగ్రీలు దాటేది కాదు. మూడు నెలలుగా మెల్లగా పెరుగుతూ వచ్చి, ఇప్పుడు ఏ పనీ లేనప్పుడే 55 చూపిస్తోంది, లోడ్ పడితే కొన్ని సెకన్లలోనే 95కి పోతోంది. ప్రాసెసర్ మీద పూసే పేస్ట్ రెండుసార్లు మార్చాను, ఫ్యాన్లు ఫుల్‌లో పెట్టాను, ఏం తేడా లేదు. రేడియేటర్ మీద చెయ్యి పెడితే మాత్రం చల్లగానే ఉంటోంది. ఇంకో రేడియేటర్ కొనాలా? ప్రాసెసర్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: కొనకండి. మీ రేడియేటర్‌కు ఇప్పుడు పనే లేదు, దాని దాకా వేడి వస్తే కదా అది చల్లార్చేది. ప్రాసెసర్ విషయంలో కూడా మరీ భయపడకండి, హద్దు దగ్గరికి రాగానే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే సిస్టమ్ ఆగిపోతుంది. కానీ సంగతి తేలేదాకా దాని మీద బరువైన పనులు పెట్టకండి.

లూప్‌లో టెంపరేచర్ ఎంత ఉందన్నదాని కన్నా ఎంత తొందరగా పెరిగిందన్నది చూడాలి. రేడియేటరో ఫ్యాన్లో చాలకపోతే ముందు నీళ్లు వేడెక్కాలి, అందుకు ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది, ప్రాసెసర్ కూడా నీళ్లతోపాటే మెల్లగా ఎక్కుతుంది, రేడియేటర్ చేతికి వెచ్చగా తెలుస్తుంది. మీకేమో సెకన్లలో 95, రేడియేటర్ చల్లగా. అంటే చిప్‌లో పుట్టిన వేడి నీళ్లలోకి దిగడం లేదు, లేదా దిగినా ఆ నీళ్లు కదలడం లేదు. పేస్ట్ తప్పుగా పూసినా, బ్లాక్ (ప్రాసెసర్ మీద ఆనించే, లోపల నీళ్లు పారే దిమ్మ) సరిగ్గా ఆనకపోయినా, కింద ప్లాస్టిక్ పొర తీయడం మరిచిపోయినా మొదటి రోజే బయటపడేది. మీది అయిదు నెలలు బాగా నడిచి ఆ తర్వాత రోజురోజుకీ దిగజారింది, అందుకే నా అనుమానం బ్లాక్ పూడుకుపోయిందనే.

అయినా విప్పేముందు పంపు సంగతి తేల్చుకోండి. బయాస్‌లోకి (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్) వెళ్లి పంపు ఎన్ని ఆర్‌పీఎంలో తిరుగుతోందో చూడండి, డీ5 అయితే ఫుల్‌లో 4,800 దాకా వస్తుంది. దాన్ని ఫ్యాన్ కర్వ్‌కు (టెంపరేచర్‌ను బట్టి వేగం మార్చే సెట్టింగ్) వదిలేసి ఉంటే తీసేసి నేరుగా 100 శాతంలో పెట్టండి. కానీ పంపు తిరుగుతోందంటే నీళ్లు పారుతున్నట్టు కాదు, దారి మూసుకుపోయినా పంపు తిరుగుతూనే ఉంటుంది, అంకె బ్రహ్మాండంగానే కనిపిస్తుంది. అందుకని లోడ్ పెట్టి బ్లాక్‌లోకి వెళ్లే ట్యూబునూ, బయటికి వచ్చే ట్యూబునూ రెండు వేళ్లతో పట్టుకుని చూడండి. బాగున్న లూప్‌లో ఆ రెంటికీ చేతికి తెలిసేంత తేడా ఉండదు. బయటికి వచ్చేది స్పష్టంగా వేడిగా ఉంటే నీళ్లు చుక్కచుక్కగా పోతున్నాయని లెక్క.

నాకూ ఒకసారి ఇలాగే అయింది. బ్లాక్ మూత విప్పి చూస్తే రాగి పలక మధ్యలో దువ్వెన పళ్లలా ఉండాల్సిన సన్నటి రేకులు అసలు కనిపించనే లేదు, పైన మీగడ కట్టినట్టు బూడిదరంగు జిగురు. పిన్ను మొనతో గీస్తే ముద్దగా లేచి వచ్చింది. మెత్తటి ట్యూబుల్లో వాటిని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ నెమ్మదిగా నీళ్లలోకి ఊరి ఆ రేకుల సందుల్లో పేరుకుంటుంది. పాలరంగు కూలెంట్లలో రంగు కరిగి ఉండదు, సన్నటి రేణువులుగా తేలుతూ ఉంటుంది, అవి కూడా అక్కడికే చేరి ఇరుక్కుంటాయి. మీ లూప్‌లో రెండూ ఉన్నాయి.

శుభ్రం చేయడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. కూలెంట్ మొత్తం తీసేయండి. బ్లాక్ విప్పే ముందు మూత, జెట్ ప్లేట్ (నీళ్లను రేకుల మీదికి మళ్లించే పలక), రబ్బరు రింగు ఏది ఎటు ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి, జెట్ ప్లేట్ తిరగేసి పెట్టినా, లోపలికీ బయటికీ దారులు తారుమారైనా మళ్లీ టెంపరేచర్ పెరుగుతుంది. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల డిష్ సోప్ వేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రేకుల పొడవునా తోమండి, అడ్డంగా తోమితే వంగిపోతాయి. మూత అక్రిలిక్ అయితే ఆల్కహాల్ దగ్గరికి కూడా రానివ్వకండి, పగుళ్లొస్తాయి. నికెల్ పూత ఉన్న బ్లాక్‌కు వెనిగర్ వాడకండి. చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడగండి. ట్యూబులు మార్చేయండి, పాతవే పెడితే మళ్లీ ఇదే కథ. ఈసారి ఈపీడీఎం రబ్బరు ట్యూబులు వేసి, రంగు లేని కూలెంట్ పోయండి. లోపలి నీళ్లు కనిపించవు, అందం తగ్గుతుంది నిజమే, కానీ ప్లాస్టిసైజర్ గొడవ ఉండదు.

బ్లాక్ బిగించేటప్పుడు స్క్రూలు ఒక్కొక్కటీ పూర్తిగా తిప్పేయకుండా ఎదురెదురు మూలలవి కొద్దికొద్దిగా బిగించండి. మదర్‌బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే కొన్ని గంటలు నడిపి, ప్రతి జాయింటు కింద టిష్యూ పేపర్ పెట్టి తడి తగులుతుందేమో చూడండి. గాలి బుడగలు పోవడానికి కేసును అటూ ఇటూ వంచుతూ ఉండండి. నీళ్ల టెంపరేచర్ చూపించే చిన్న సెన్సర్ ఒకటి కూడా ఇప్పుడే పెట్టించుకోండి. అది లేకపోవడం వల్లే మీరు పేస్ట్ రెండుసార్లు మార్చాల్సి వచ్చింది.

ప్రశ్న: నా లూప్‌లో నీళ్లు ముందు గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లి, అక్కడి నుంచి నేరుగా ప్రాసెసర్‌కు వస్తాయి. అందుకే ప్రాసెసర్ వేడెక్కుతోందని, మధ్యలో ఒక రేడియేటర్ పెట్టాలని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. నిమిషానికి ఒక లీటరు నీళ్లు పారితే 70 వాట్ల వేడికి ఒక్క డిగ్రీ పెరుగుతాయి. మీ కార్డు 300 వాట్లు లాగుతుందనుకుందాం, ఆ ప్రవాహంలో నీళ్లు నాలుగు డిగ్రీలకు కాస్త ఎక్కువ పెరిగి ప్రాసెసర్‌ను చేరతాయి. నిమిషానికి మూడు లీటర్లు పారితే ఒకటిన్నర డిగ్రీ కూడా ఉండదు. ఆ మాత్రానికి ట్యూబులన్నీ పీకి మళ్లీ వేసుకోవడం దండగ. వరుస విషయంలో పట్టుబట్టాల్సింది ఒక్కటే, రిజర్వాయర్ (కూలెంట్ నిల్వ ఉండే తొట్టి) పంపుకు సరిగ్గా ముందు ఉండి దానికి ఎప్పుడూ నీళ్లు అందుతూ ఉండాలి, ఎండిన పంపు తొందరగా పాడవుతుంది.

ప్రశ్న: రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్ కొత్తగా పెట్టాను, అన్ని కోర్లూ వాడే రెండరింగ్‌లో మొదటి రోజు నుంచే 95 డిగ్రీలు. నీళ్లు 34 దాటడం లేదు. బ్లాక్ మూడుసార్లు విప్పి బిగించాను.

జవాబు: ఇక విప్పకండి. ఆ ప్రాసెసర్‌ను ఏఎండీ తయారుచేసిందే అలా, చల్లదనం దొరికినంత మేరా వేగం పెంచుకుంటూ 95 దాకా వెళ్లి అక్కడ ఆగుతుంది. సాకెట్ దగ్గర 230 వాట్ల దాకా లాగుతుంది, ఆ వేడంతా గోరంత చిప్‌ల నుంచి, పైన ఉన్న మందపాటి మూత దాటి రావాలి, మీరు ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా ఆ ఇరుకు మారదు. చల్లగా ఉండాలనుకుంటే బయాస్‌లో, తక్కువ కరెంటుతో నడిపే ఎకో మోడ్‌కు వెళ్లి 105 వాట్లు ఎంచుకోండి. రెండరింగ్ కాస్త ఆలస్యమవుతుంది గానీ టెంపరేచర్ బాగా దిగుతుంది, ఫ్యాన్ల మోతా తగ్గుతుంది.